రోజూ పోయే దారిని చూసి బండి కొనండి

కడప జిల్లా చక్రాయపేట మండలంలో ఒక కుర్రవాడి చేతికి కొత్త బండి కొనేంత డబ్బు మూడు దారుల్లో వస్తుంది. కువైట్ నుంచి అన్నో బాబాయో పంపుతారు. లేదా బెంగళూరులో మొదటి ఉద్యోగం దొరికి కొన్ని నెలల జీతం మిగులుతుంది. అదీ కాకపోతే చీనీకాయలకు ఆ ఏడు ధర పలికి నాయన "సరేలే, కొనుక్కో పో" అంటాడు. ఈ మూడింట్లో ఏదీ ఊరికే వచ్చిన డబ్బు కాదు. ఎవరో ఎండలో నిలబడితేనో, ఇల్లు వదిలి దూరాన ఉంటేనో వచ్చింది. అందుకే రెండు లక్షల బండి కోరికను నేను షోకు అని కొట్టిపారేయను. కోరిక పుట్టిన వారంలోనే తీర్చుకోవాలని కూడా అనను. చాలా ఇళ్లలో ఇరవై ఏళ్ల మనిషి సొంతంగా తీసుకునే మొదటి పెద్ద నిర్ణయం ఇదే. దీన్ని నిదానంగా, లెక్క ప్రకారం తీసుకున్నవాడికి రేపు పొలం కొనేటప్పుడు, ఇల్లు కట్టేటప్పుడు కూడా అదే అలవాటు పనికొస్తుంది.

ఇప్పుడు మన పిల్లలు ఎక్కువగా అడిగేవి 300 నుంచి 400 సీసీ నేకెడ్ బైకులు. ముందు గాలి ఆపే అద్దం, పక్కల ప్లాస్టిక్ తొడుగులు ఉండవు. ఇంజిన్ బయటికే కనిపిస్తుంది, హ్యాండిల్ వెడల్పుగా ఉంటుంది, నడుము మరీ వంచకుండా కూర్చోవచ్చు. ఐరోపాలో, అమెరికాలో మధ్య తరగతి బండి అంటే 600 సీసీ పైమాటే. అక్కడ 2014లో యమహా ఎంటీ-07 వచ్చింది. 689 సీసీ ఇంజిన్ ఉన్నా ఏబీఎస్ లేని బండి బరువు 179 కిలోలే. మన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. రోజూ ఆఫీసుకు పోయే మనిషి భరించగల ధరలో, అతని చేతికి లొంగే బరువులో మంచి బండి చేస్తే జనం కొంటారని ఎంటీ-07 నిరూపించింది. మన దేశంలో ఆ పని చేస్తున్నవి 400 సీసీ బండ్లే. 2023 జులైలో వచ్చిన ట్రయంఫ్ స్పీడ్ 400ను పూణె దగ్గరి చాకన్‌లో బజాజ్ తయారు చేస్తోంది. అందులో 398 సీసీ ఇంజిన్, 40 హార్స్ పవర్, విడుదలనాటి బరువు 176 కిలోలు. 2024 మే నెలలో బజాజ్ పల్సర్ ఎన్ఎస్400జెడ్ 1.85 లక్షల షోరూం ధరతో వచ్చింది. 373 సీసీ, విడుదలప్పుడు అదే 40 హార్స్ పవర్, 174 కిలోలు. కేటీఎం 390 డ్యూక్ 46 హార్స్ పవర్‌తో ఇంకా చురుకైనది, ధరా ఎక్కువే. టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 310 బరువు 169 కిలోలు. ఎన్‌ఫీల్డ్ హంటర్ 350కి పవర్ దాదాపు 20 హార్స్ పవరే, బరువు 181 కిలోలు, కానీ నెమ్మదస్తురాలు.

ఈ పేర్లు, అంకెలు మీ ఫోనులో నాకంటే ముందే మీరు చూసి ఉంటారు. ఫోనులో కనిపించనిది మీ రోజు ఎలా గడుస్తుందన్నదే. అది మీరే రాసుకోవాలి.

రెండు వారాల పాటు ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. బండి తీసిన ప్రతిసారీ ఎక్కడికి పోయారు, వెనక ఎవరు కూర్చున్నారు, ఏం మోసుకొచ్చారు, తిరిగి వచ్చేసరికి వెలుతురు ఉందా లేదా అన్నది ఒక్క ముక్కలో రాయండి. వేంపల్లికి బ్యాంకు పని. పులివెందులలో ఇంజనీరింగ్ కాలేజీ. పశువుల దాణా మూట. అమ్మను ఆస్పత్రికి తీసుకుపోవడం. పెండ్లి బట్టలకు ప్రొద్దుటూరు. రెండు వారాలు తిరిగాక ఆ పేజీలు చదువుకోండి. మనసులో బండి కొన్నది గండికోట లోయ అంచున ఫొటో దిగడానికి అయి ఉంటుంది. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లున్న ఆ కోటకు ఏడాదిలో ఎన్నిసార్లు పోతారు? నోటు పుస్తకంలో మాత్రం వేంపల్లి, దాణా, అమ్మ మళ్లీ మళ్లీ కనిపిస్తారు. గండికోటకు పోవద్దని కాదు. ఆ ఒక్క రోజు కోసం మిగిలిన రోజుల్లో ఇబ్బంది పడే బండి కొనవద్దంటున్నాను.

పేజీల్లో పాలక్యాన్లు, మూటలే ఎక్కువ ఉంటే నేకెడ్ బైకు మీ ఇంటికి మొదటి బండిగా పనికిరాదు. దాని వెనక సీటు చిన్నది, కాస్త ఎత్తుగా ఉంటుంది, మూట కట్టడానికి సరైన ఊచలు ఉండవు. ఇంట్లో ఉన్న పాత స్ప్లెండర్‌ను అమ్మి, ఆ డబ్బు డౌన్ పేమెంటుకు కట్టే ఆలోచన చాలామంది చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. 112 కిలోల ఆ పాత బండి నాయన పొలానికి పోవడానికి, తమ్ముడు పాలు పోయడానికి ఇంకా ఏళ్ల తరబడి ఉపయోగపడుతుంది. దాన్ని అమ్మితే వచ్చేది కొద్ది మొత్తమే, ఇంట్లో ఆగిపోయే పనులు మాత్రం చాలా.

ఇక బరువు. నా దృష్టిలో ఈ తరగతి బండి కొనేటప్పుడు పవర్ కంటే ముందు చూడాల్సింది ఇదే. షోరూంలో బండిని నున్నటి గచ్చు మీద నిలబెట్టి ఉంచుతారు. అక్కడ ఏ బండైనా తేలికగానే ఉంటుంది. సేల్స్ అబ్బాయిని అడిగి బయట వాలు నేల మీదకు తెప్పించుకోండి. ముందు చక్రం పల్లం వైపు ఉండేలా నిలబెట్టి, ఇంజిన్ ఆపి, మీరు పక్కన నిలబడి వెనక్కి తొయ్యండి. తర్వాత సీటు మీద కూర్చుని రెండు కాళ్లతో అదే పని చేయండి. మడమలు నేలను తాకాలి, కనీసం పాదాల ముందు భాగం పూర్తిగా ఆనాలి. స్పీడ్ 400 మొదట వచ్చినప్పుడు సీటు ఎత్తు 790 మిల్లీమీటర్లు, మిగతావి చాలావరకు 800కు అటూఇటూ ఉంటాయి. కాగితం మీద ఒక్క సెంటీమీటరే. కంకర మీద ఒక కాలు జారినప్పుడు ఆ సెంటీమీటరే బండిని నిలబెడుతుంది, లేదా పడేస్తుంది. హ్యాండిల్ పూర్తిగా తిప్పి రెండు ఎడ్లబండ్లు పట్టేంత వెడల్పులో కాలు కింద పెట్టకుండా తిప్పగలరా చూడండి. మన ఊళ్లలో సందు చివర, చీనీతోట గట్టు మీద రోజూ చేయాల్సిన విన్యాసం అదే.

శ్రావణ మాసంలో శనివారం గండి వీరాంజనేయస్వామి గుడి దగ్గర దారిని ఒకసారి తలుచుకోండి. పాపాఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చే ఆ చోట రోడ్డు నిండా జనం, ఆటోలు, కొబ్బరికాయల దుకాణాలు. అక్కడ 40 హార్స్ పవర్ దేనికీ అక్కరకు రాదు. మొదటి గేరులో, సగం క్లచ్ మీద, నడిచే మనిషి వేగంతో ముందుకు జరగాలి. పసిబిడ్డ అడ్డం వస్తే ఆ క్షణంలో ఆపాలి. వీటిలో నీళ్లతో చల్లబడే ఇంజిన్లకు రేడియేటర్ ఫ్యాను తిరగడం మొదలుపెడితే వేడిగాలి నేరుగా మోకాళ్లకు తగులుతుంది. కడప జిల్లా ఎండల్లో అది చిన్న సంగతి కాదు. అందుకే టెస్ట్ రైడ్‌కు పొద్దున్నే ఏడు గంటలకు కాక, మధ్యాహ్నం పన్నెండుకు పోండి. పది నిమిషాలు బజారు మధ్యలో నడపండి. హైవే మీద లాగి చూపించమని ఎవరైనా అంటే అది తర్వాత.

మన దేశంలో గేరు బండి లైసెన్సు ఒక్కటే. పద్దెనిమిదేళ్లకు 100 సీసీ బండి మీద ఎనిమిది అంకె తిప్పి పాసైనవాడు మర్నాడే 46 హార్స్ పవర్ బండి ఎక్కవచ్చు, చట్టం ఆపదు. ఐరోపాలో అలా కుదరదు. అక్కడ 125 సీసీ లైసెన్సు, దానిపైన ఏ2 అనే మెట్టు, ఆపైన పూర్తి లైసెన్సు. ఏ2లో బండి పవర్ 35 కిలోవాట్లు, అంటే సుమారు 47 హార్స్ పవర్ దాటకూడదు. మనం ఇక్కడ మొదటి పెద్ద బండిగా ఆశపడే 390 డ్యూక్ అక్కడ రెండో మెట్టులో, పై అంచుకు దగ్గరగా ఉంటుంది. చట్టం మనకు మెట్లు కట్టలేదు కాబట్టి మనమే కట్టుకోవాలి. ఇంతవరకు 100, 110 సీసీ తప్ప నడపని మనిషి నేరుగా 400కు పోకుండా 160, 200 సీసీ బండి మీద ఒక ఏడాది, అందులోనూ ఒక వానాకాలం గడపాలని నా గట్టి అభిప్రాయం. సెకండ్ హ్యాండులో కొనండి, ఏడాది తర్వాత అమ్మండి. పోయే డబ్బు కొంచెమే. ముందు బ్రేకు ఎంత గట్టిగా పట్టవచ్చో, తడి రోడ్డు మీద ఎంత వంచవచ్చో చేతులకు తెలిసొస్తుంది.

డబ్బు లెక్క కూడా కొంచెం ఓపిగ్గా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. 350 సీసీ లోపు బండ్ల మీద 28 శాతం నుంచి 18కి తగ్గింది. 350 దాటితే సెస్సుతో కలిపి 31 ఉన్నది 40 శాతం అయింది. ఇన్సూరెన్సులోనూ గీత అక్కడే ఉంది. 2022లో నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియం ప్రకారం 150 నుంచి 350 సీసీ వరకు ఏడాదికి 1,366 రూపాయలు, 350 దాటితే 2,804. కొత్త బండికి థర్డ్ పార్టీ ఐదేళ్లకు ఒకేసారి కట్టాలి కాబట్టి ఇది 7,365కూ 15,117కూ మధ్య తేడా అవుతుంది. కొన్ని కంపెనీలు పెరిగిన పన్నును తామే భరించి పాత ధరకే 400 సీసీ బండ్లు అమ్మాయి. అలాంటి ధరలు ఎప్పుడైనా మారవచ్చు. కాబట్టి షోరూం ధర కాక, రోడ్డు మీదకు వచ్చేసరికి ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ వేరువేరుగా ఉండాలి. "హ్యాండ్లింగ్ చార్జీలు", "తప్పనిసరి యాక్సెసరీలు" అని రాస్తే ఆ రెండూ ఎందుకో అడగండి.

అప్పు దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. రెండు లక్షలు మూడేళ్లకు 11 శాతం వడ్డీ అంటారు. తరిగే బాకీ మీద లెక్క కడితే నెలకు దాదాపు 6,550 రూపాయలు, మొత్తం వడ్డీ 36 వేల లోపే. అదే 11 శాతం ఫ్లాట్ రేటు అయితే మొదటి నెల బాకీ మీదే మూడేళ్లూ వడ్డీ వేస్తారు. 66 వేలు అవుతుంది, నెల కంతు 7,390 దాకా పోతుంది. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే, రూపాయి వడ్డీ కంటే తక్కువ అని చెప్పి తీసుకున్న అప్పు నిజానికి రూపాయిన్నర దాటుతుంది. 11 అన్న అంకె రెండింటికీ ఒకటే కాబట్టి చాలామంది గమనించరు. "ఇది ఫ్లాటా, రెడ్యూసింగా?" అన్న ఒక్క ప్రశ్న మీకు 30 వేలు మిగులుస్తుంది.

పెట్రోలు సంగతీ తేల్చుకోండి. రోజుకు 50 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరిగితే 1,250 కిలోమీటర్లు. లీటరు 110 రూపాయలకు అటూఇటూ అనుకుందాం. లీటరుకు 60 ఇచ్చే చిన్న బండికి నెలకు 2,300 సరిపోతుంది. 28 ఇచ్చే 400 సీసీకి 4,900 పైచిలుకు. ఈ బండ్ల వెనక టైరు వెడల్పు చాలావరకు 150 మిల్లీమీటర్లు, దాని ధర స్ప్లెండర్ టైరు ధరకు ఎన్నో రెట్లు. కంతు, పెట్రోలు, టైర్లకు నెలనెలా పక్కన పెట్టే మొత్తం కలిపి మీ చేతికొచ్చే డబ్బులో ఐదో వంతు దాటకుండా చూసుకోండి. ఇది ఏ పుస్తకంలోని సూత్రమూ కాదు, అప్పు బండితో ఇంట్లో మాట పడకుండా ఉండే హద్దుగా నేను చెబుతున్నది.

ఈ లెక్క చూసి కొందరికి సెకండ్ హ్యాండ్ బండి గుర్తొస్తుంది. మంచి ఆలోచనే. ఈ బండ్లను మోజు తీరాక, లేదా కంతులు కట్టలేక రెండేళ్లకే అమ్మేవాళ్లు ఉన్నారు. చూడటానికి పోతే ముందు చెయిన్ దగ్గర కూర్చోండి. వెనక పళ్ల చక్రం మీద పళ్ల కొసలు వంగి సూదుల్లా తేలి ఉంటే ఆ బండిని నూనె వేయకుండా తోలారని అర్థం. ముందు ఫోర్కుల మీద వేలితో రాయండి, నూనె అంటితే సీలు పోయింది. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఎక్కడైనా మధ్యలో పట్టినట్టు ఆగుతుందేమో చూడండి. హ్యాండిల్ లివరు కొస, ఫుట్‌రెస్టు అంచు, సైలెన్సరు పక్క గీతలు పడిన చోట్లు ఒకే వైపు ఉంటే బండి ఆ వైపు పడిందన్న మాట. నిలబడి ఉన్నది పక్కకు ఒరిగితే పర్వాలేదు, పరుగులో పడితే ఫ్రేమును మెకానిక్‌కు చూపించాలి. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉంటే ఫారం 35, ఎన్ఓసీ చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. ఫారం 29, 30 మీద సంతకాలు, పెండింగ్ చలానాలు ఆ రోజే చూసుకోండి.

కొన్నాక రోడ్డు గురించి. మన దగ్గర ఒక్కో కాలానికి రోడ్డు ఒక్కో రకంగా ఉంటుంది. కోతల రోజుల్లో కల్లం రోడ్డు మీదికే వస్తుంది. కంది, ఉలవ కట్టెలు పరుస్తారు, వాటి మీద బ్రేకు పడితే చక్రం జారుతుంది. యర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాళ్ల లారీలు రాతి పెళ్లలు రాలుస్తూ పోతాయి. పొద్దు గూకే వేళ జీవాలు ఇంటిముఖం పడతాయి, ముందు మేక దాటిందంటే వెనక మంద ఉన్నట్టే. 2018లో కేంద్రం నిర్ణయించిన వేగాల ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద ద్విచక్ర వాహనానికి గరిష్ఠం 80, మిగతా రోడ్ల మీద 60. గంటకు 60లో చూసి, తేరుకుని, గట్టిగా బ్రేకు పట్టి ఆగేసరికి పొడి తారు మీద 37 మీటర్ల దాకా పడుతుంది. 80లో అది 58 మీటర్లు. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా కాపాడుతుంది కానీ ఆ 21 మీటర్లను వెనక్కి ఇవ్వదు. కంకర మీదైతే ఆగే దూరం ఇంకా పెరుగుతుంది.

బండికి చేయాల్సిన సేవ తక్కువే, కానీ ఆపకూడదు. 500 కిలోమీటర్లకోసారి చెయిన్ తుడిచి నూనె వేయడం, వారానికోసారి చల్లటి టైర్లలో గాలి చూడటం. కంప ముళ్లు గుచ్చుకున్నా ట్యూబులెస్ టైరులో గాలి ఒక్కసారిగా పోదు, అందుకే చాలాసార్లు మనకు తెలియను కూడా తెలియదు. సీటు కింద పంక్చరు స్ట్రిప్పులు, చిన్న పంపు ఉంచుకోండి. వాన పడ్డాక తోటలో సైడు స్టాండు మట్టిలో దిగబడుతుంది, కింద పెట్టడానికి అరచేయంత నాపరాయి ముక్క ఒకటి చాలు. సర్వీసు సెంటర్ ఎంత దూరంలో ఉందో కొనకముందే కనుక్కోండి. మీకు నచ్చిన బండికి సర్వీసు కడపలో కూడా లేక తిరుపతికో బెంగళూరుకో పోవాల్సి వస్తే, చక్రాయపేటలో ఉండేవాడికి అది రోజువారీ బండి కాలేదు.

ఇంతా చూశాక నా తీర్పు అడిగితే చెబుతాను. చక్రాయపేట, వేంపల్లి, పులివెందుల మధ్య తిరిగే మనిషికి 350 సీసీ లోపు, 170 కిలోలకు అటూఇటూ ఉన్న నేకెడ్ బైకు చాలు. నెలకు రెండుసార్లయినా బెంగళూరుకు బండి మీదే పోయి వచ్చేవాడికి, అంటే ఒక వైపే 200 కిలోమీటర్లకు పైన, 400 సీసీ ఖర్చు గిట్టుబాటవుతుంది. అంతకుమించిన బండి ఈ దారులకు ఇప్పటికి అవసరం లేదు.

ఒక్క పని మాత్రం ఎవరూ చేయడం లేదు. టెస్ట్ రైడ్‌కు స్నేహితుణ్ని తీసుకుపోతారు. నోటు పుస్తకంలో మీ వెనక కూర్చున్నది ఎవరని రాసి ఉందో చూడండి. అమ్మ అయితే అమ్మనే షోరూంకు తీసుకుపోండి. "అబ్బీ, దీనిమీద కుచ్చుంటే నేను యాడ పట్టుకోవాల?" అని ఆమె అడిగే ప్రశ్నకు పట్టుకునే ఊచ, చీర గార్డు, పాదం ఆనే ఫుట్‌రెస్టు అన్నీ బండి మీదే ఆమెకు చూపించగలగాలి. నాలుగేళ్ల లోపు బిడ్డను ఎక్కించుకుంటే బెల్టు హార్నెస్, హెల్మెట్ ఉండాలని, వేగం 40 దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. బిల్లు కట్టే రోజున ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్లు రెండు కొనండి, రెండోది అమ్మ తలకు పెట్టి కొలత చూసుకుని కొనండి.